"ఈస్నోఫీలియా" అని మనం తేలికగా అనే జబ్బు



మన ఇళ్లలో ఎవరైనా పొద్దున్నే లేచి వరుసగా పది తుమ్ములు తుమ్మితే చాలు, "వీడికి ఈస్నోఫీలియా ఉందండీ" అనేస్తాం. ఆదివారం ఆరాధన ముగిసి బయట నిలబడి మాట్లాడుకుంటున్నప్పుడు "మా అబ్బాయికీ అదేనండి, ఫలానా మాత్ర వేస్తే తగ్గింది" అని ఎవరో ఒకరు మందు పేరు కూడా చెప్పేస్తారు. మిషను ఆసుపత్రుల్లో ఛాతీ జబ్బుల విభాగంలో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసినదాన్ని గనుక ఈ మాట లెక్కలేనన్ని సార్లు విన్నాను. విన్న ప్రతిసారీ రెండు ముఖాలు నాకు గుర్తుకొస్తాయి. ఒకటి బతికి బట్టకట్టిన ఒక కుర్రవాడిది. రెండవది నా చేతుల్లో పోయిన ఒక తల్లిది. వారిద్దరి సంగతీ చెబుతూ, మధ్యలో ఈ కణాల సంగతి కూడా చెబుతాను.

కుర్రవాడిది కోనసీమ. రైసు మిల్లులో బస్తాలు మోసేవాడు. వయసు ఇరవై మూడు. వాళ్లమ్మ తీసుకొచ్చింది.

"పగలు బాగానే ఉంటాడండి డాక్టరమ్మగారూ. రాత్రి రెండయ్యేసరికి మొదలవుద్దండి. తెల్లార్లూ మంచం మీద కూర్చునే ఉంటాడు. పక్క గదిలోకి కూడా పిల్లికూతలు వినబడతాయండి" అంది.

నాలుగు నెలలుగా ఇదే వరస. ఎనిమిది కిలోల బరువు తగ్గాడు. సాయంత్రాలు ఒంట్లో నలతగా వెచ్చబడేది. ఎక్స్‌రే చూస్తే రెండు ఊపిరితిత్తుల నిండా ఆవగింజలు చల్లినట్టు సన్నని మచ్చలు ఉన్నాయి. అంతకు ముందు వేరేచోట దాన్ని చూసి క్షయ అన్నారు. కళ్లె పరీక్ష మూడుసార్లు చేసినా క్షయ క్రిములు కనబడలేదు. అయినా మందులు మొదలుపెట్టారు. రెండు నెలలు క్రమం తప్పకుండా మింగాడు, దగ్గు మాత్రం రవ్వంత కూడా తగ్గలేదు. ఈలోగా కుదిరిన పెళ్లి సంబంధం తప్పిపోయింది. "టీబీ వోడికి పిల్లనివ్వం అన్నారండి" అని ఆ తల్లి చెంగుతో కళ్లు తుడుచుకుంది.

అతని చేతిలోని ప్లాస్టిక్ సంచిలో రిపోర్టులన్నీ ఉన్నాయి. వాటిలో ఒక రక్తపరీక్ష కాగితం మడత కూడా విప్పకుండా ఉంది. తెల్లకణాలు మొత్తం 18,000. వాటిలో ఈసినోఫిల్స్ నూటికి 62. జవాబు మొదటి నుంచీ ఆ సంచిలోనే ఉంది!

ఏమిటీ కణాలు?

మన రక్తంలోని తెల్లకణాలలో చాలా రకాలున్నాయి. అందులో ఒక రకం ఈసిన్ అనే ఎర్రని రంగును బాగా పీల్చుకుని, సూక్ష్మదర్శిని కింద నారింజ రంగు గింజలు నింపిన సంచిలా కనబడుతుంది. 1879లో జర్మనీ దేశస్థుడు పాల్ ఎర్లిక్ దీన్ని గుర్తించి, రంగు పేరు మీదుగా ఈసినోఫిల్ అని పేరు పెట్టాడు. ఆ రంగు పేరు గ్రీకు భాషలో అరుణోదయాన్ని సూచించే మాటనుంచి వచ్చింది. పేరు ఎంత అందమైనదైనా పని మాత్రం యుద్ధం. ఒక కణం మింగలేనంత పెద్ద శత్రువు, అంటే నులిపురుగు వంటిది, శరీరంలో దూరినప్పుడు ఈ కణాలు దాని చుట్టూ చేరి తమ గింజల్లోని విషపదార్థాలను దాని మీద కుమ్మరిస్తాయి. చిక్కేమిటంటే, ఆ విషం పురుగు మీద పడినట్టే మన సొంత కండ మీద కూడా పడుతుంది. ఊపిరితిత్తి, గుండె, నరాలు, చర్మం, పేగులు, ఏదైనా దెబ్బతినవచ్చు.

ఇక్కడ ఒక లెక్క చెబుతాను. దయచేసి కాగితం మీద రాసి చూడండి. ల్యాబు వారు "ఈసినోఫిల్స్ 8 శాతం" అని రాయగానే మనవాళ్లు కంగారుపడతారు. శాతం ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. మొత్తం తెల్లకణాల సంఖ్యను ఆ శాతంతో హెచ్చవేసి నూరుతో భాగించాలి. మొత్తం 7,000 ఉండి, 8 శాతం అయితే 560. క్యూబిక్ మిల్లీమీటరు రక్తంలో 500 వరకు మామూలే గనుక ఇది గీత దాటిందో లేదో అన్నంత. జలుబు, తుమ్ములు, ఉబ్బసం, గజ్జి ఉన్న ఎందరికో ఇంతమాత్రం ఉంటుంది. అదే మన కుర్రవాడి లెక్క కట్టండి. 18,000లో 62 శాతం, అంటే 11,160! మామూలు హద్దుకు ఇరవై రెండు రెట్లు.

500 నుంచి 1,500 వరకు స్వల్పం అంటాం. 1,500 నుంచి 5,000 వరకు మధ్యస్థం, ఆపైన తీవ్రం. 1,500 దాటి, మరోసారి పరీక్షించినా దిగకుండా ఉంటే మాత్రం ఊళ్లో మందులషాపుతో సరిపెట్టుకోకూడదు. నిపుణుల దగ్గరకు వెళ్లాల్సిందే. ఇంకొక సంగతి. ఈ కణాల సంఖ్య ఒకే మనిషిలో పొద్దున తక్కువగా, రాత్రి ఎక్కువగా ఉంటుంది. కాబట్టి నిన్న ఉదయం చేయించిన పరీక్షను ఈరోజు రాత్రి పరీక్షతో పోల్చి "పెరిగిపోయిందండీ" అని ఏడవనక్కరలేదు.

మదనపల్లె నుంచి మొదలైన కథ

కుర్రవాడి జబ్బు పేరు ట్రాపికల్ పల్మనరీ ఈసినోఫీలియా. ఉష్ణదేశాలలో వచ్చే ఊపిరితిత్తుల ఈసినోఫీలియా అన్నమాట. దీని చరిత్రలో మన తెలుగునేలకు, మన మిషను ఆసుపత్రులకు పెద్ద పాత్ర ఉంది. ఈ సంగతి మన సంఘాలలో చాలామందికి తెలియదు.

మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో అనేక మిషను సంఘాలు కలిసి నడిపిన క్షయ శానిటోరియం ఉండేది. క్షయకు మందులే లేని ఆ రోజుల్లో దక్షిణ దేశం నలుమూలల నుంచీ రోగులు అక్కడికి వెళ్లేవారు. దాని పెద్ద డాక్టరు డెన్మార్కు నుంచి వచ్చిన క్రిస్టియన్ ఫ్రిమోట్ మోల్లర్. క్షయ అని పంపబడినవారిలో కొందరికి కళ్లెలో క్రిములు లేవు. ఎక్స్‌రేలో మచ్చలున్నాయి, రక్తంలో ఈసినోఫిల్స్ విపరీతంగా ఉన్నాయి. ఆయన, ఆయన తోటి డాక్టరు బార్టన్ కలిసి 1940లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో దీని గురించి రాశారు. క్షయలా కనబడే క్షయకాని జబ్బు అని దాన్ని వర్ణించారు. చూడండి, మా కుర్రవాడి విషయంలో జరిగిన పొరపాటును అన్ని దశాబ్దాల ముందే ఆరోగ్యవరంలో గుర్తించి అచ్చువేశారు! మూడేళ్ల తరువాత 1943లో వైన్‌గార్టెన్ అనే డాక్టరు లాన్సెట్ పత్రికలో ఇటువంటి రోగుల గురించే రాసి "ట్రాపికల్ ఈసినోఫీలియా" అన్న పేరు పెట్టాడు. ఆ పేరే స్థిరపడింది. ఆయన ఆర్సెనిక్ కలిసిన సూదిమందులతో వారికి నయం చేసేవాడు.

కారణం మాత్రం చాలాకాలం తెలియలేదు. 1960లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు చెందిన వెబ్, జాబ్, గాల్ట్ అనే ముగ్గురు వైద్యులు రోగుల ఊపిరితిత్తి, కాలేయం, లింఫు గ్రంథుల ముక్కలను ఓపికగా పరిశీలించి, వాటిలో మైక్రోఫైలేరియాలు ఉన్నాయని చూపించారు. మైక్రోఫైలేరియా అంటే బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు పిల్ల. మురికినీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ దాన్ని ఒకరి నుంచి ఒకరికి మోస్తుంది.

అయితే ఈ రోగులకు కాలు ఎందుకు వాయదు? రాత్రిపూట రక్తం తీసి చూసినా పురుగు పిల్లలు ఎందుకు కనబడవు? నా దగ్గర పనిచేసిన నర్సు పిల్లలు ఈ ప్రశ్న తప్పకుండా అడిగేవారు. ఫైలేరియా ఉన్న చాలామందిలో శరీరం పురుగు పిల్లలతో ఒకరకంగా సర్దుకుపోతుంది, అవి రక్తంలో తిరుగుతూనే ఉంటాయి. కొద్దిమంది శరీరం మాత్రం వాటిని అసలు సహించదు. పుట్టినదాన్ని పుట్టినట్టు ఊపిరితిత్తుల సన్నని రక్తనాళాల్లోనే పట్టి చంపేస్తుంది. ఆ పోరు జరిగే చోటే దగ్గు, పిల్లికూతలు, ఆయాసం. అందుకే రక్తంలో పురుగు కనబడదు. కనబడకపోవడం చూసి "ఫైలేరియా లేదు" అనుకుంటే పప్పులో కాలేసినట్టే.

ఎలా తేల్చాలి? నిపుణుడు ఐదారు సంగతులు కలిపి చూస్తాడు. ఫైలేరియా ఉన్న ప్రాంతంలో నివాసం, రాత్రిపూట దగ్గు, ఈసినోఫిల్స్ 3,000కు పైన, రక్తంలో ఐజీఈ అనే ప్రతిరక్షక పదార్థం బాగా పెరగడం, ఫైలేరియా ప్రతికణాలు ఉండటం, అన్నిటికీ మించి ఫైలేరియా మందు ఇస్తే త్వరగా గుణం కనబడటం. ఎక్స్‌రే కొందరిలో మామూలుగానే ఉండవచ్చు. అది చూసి ఉబ్బసం అనుకుని ఏళ్ల తరబడి పీల్చే మందులతోనే గడిపేవారున్నారు.

ఆ మందు డైఇథైల్ కార్బమజీన్. హెట్రజాన్ అన్న పేరుతో మొదట వచ్చింది. అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో దీన్ని వెలికితీసిన బృందానికి నాయకుడు ఎవరనుకున్నారు? మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. రెండవ ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులకు ఫైలేరియా సోకడంతో ఈ వెదుకులాట ముమ్మరమైంది. 1947లో మందు ఫలితాలు వెలువడ్డాయి. మరుసటి ఏడు 1948లో ఆయన న్యూయార్కులో కన్నుమూశారు. తాను పుట్టిన గోదావరి ప్రాంతపు కూలివాళ్లు ఆ మాత్ర మింగి రాత్రిళ్లు నిద్రపోతున్నారని చూడటానికి ఆయన లేరు.

మా కుర్రవాడికి కిలో బరువుకు రోజుకు 6 మిల్లీగ్రాముల లెక్కన, మూడు పూటలుగా, ఇరవై ఒక్క రోజులు ఇచ్చాం. క్షయ పరీక్షలు మరోసారి జాగ్రత్తగా చేయించి, లేదని నిర్ధారించుకున్నాకే క్షయ మందులు ఆపాం. ఐదవ రాత్రి వాళ్లమ్మ వార్డులో అందరికీ చెప్పుకుంటూ తిరిగింది, "మా వోడు పడుకున్నాడండి, అడ్డంగా పడుకున్నాడండి" అని! మూడు వారాల తర్వాత అతని లెక్క 900కు దిగింది.

ఇది చదివి ఎవరూ షాపుకు వెళ్లి ఆ మాత్రలు కొనుక్కోకండి. గర్భిణులకు ఇవి ఇవ్వరు. మూత్రపిండాల జబ్బు ఉంటే మోతాదు మార్చాలి. ఆఫ్రికాలో పనిచేసి వచ్చినవారున్న కుటుంబాలు మరీ జాగ్రత్త. మధ్య, పశ్చిమ ఆఫ్రికా దేశాలలో లోవా లోవా అనే మరొక పురుగు ఉంది. అది రక్తంలో ఎక్కువగా ఉన్నవారికి ఈ మందు ఇస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. నిపుణుడు మొట్టమొదట "ఎక్కడెక్కడ ఉన్నారు?" అని అడిగేది ఇందుకే. ప్రభుత్వం వారు బోదకాలు నివారణకు ఏడాదికోసారి ఇంటింటికీ తెచ్చి మింగించే మాత్రల సంగతి వేరు. ఆ సామూహిక పంపిణీ దేశమంతటా 2004 నుంచి జరిగింది, దాని వలన ఫైలేరియా చాలా తగ్గింది. ఆ మాత్రలు దిండు కింద దాచి ఆరోగ్య కార్యకర్తను పంపించేసే తెలివి మన ఇళ్లలో ఇంకా పోలేదు.

ఫైలేరియా తగ్గుతున్న కొద్దీ మరొక మాట కూడా నిజమవుతోంది. ఈసినోఫిల్స్ పెరిగిన ప్రతివారికీ ఫైలేరియా మాత్ర అన్న పాత అలవాటు ఇక చెల్లదు. ఇక్కడ నా రెండవ రోగి సంగతి చెప్పాలి.

నేను చేసిన పొరపాటు

1991లో అనుకుంటాను. నలభై ఏళ్లు దాటిన వ్యవసాయ కూలీ. చెప్పులు లేకుండా వరిమడుల్లో నాట్లు వేసే మనిషి. నలుగురు పిల్లల తల్లి. ఆయాసం, పిల్లికూతలు. అప్పుడప్పుడు నడుము చుట్టూ, పిరుదుల మీద దురద చారలు లేస్తాయని చెప్పింది. నేను దాన్ని రాసుకోలేదు. ఈసినోఫిల్స్ 14 శాతం, లెక్క కడితే 1,400 దరిదాపు. ఉబ్బసం అనుకున్నాను. మందులకు లొంగకపోయేసరికి స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టాను. రెండు రోజుల్లో ఆయాసం తగ్గింది. ఆమె నా చేతులు పట్టుకుని కళ్లకద్దుకుంది.

మూడు వారాలకు తిరిగి వచ్చింది. కడుపునొప్పి, వాంతులు. రక్తపరీక్ష చేయిస్తే ఈసినోఫిల్స్ 1 శాతానికి దిగాయి. చెప్పడానికి నాకిప్పుడు సిగ్గుగా ఉంది గాని, ఆ కాగితం చూసి నేను సంతోషించాను. "ఛాతీ జబ్బు నయమైంది, ఇది వేరే కడుపు తేడా" అన్నాను. నాలుగు రోజుల తరువాత జ్వరంతో, నీలం తిరిగిన పెదవులతో తెచ్చారు. కళ్లెను సూక్ష్మదర్శిని కింద పెట్టిన మా ల్యాబు సోదరుడు నన్ను పరుగున పిలిచాడు. అద్దం మీద సన్నని పురుగులు మెలికలు తిరుగుతున్నాయి.

స్ట్రాంగిలాయిడిస్ అనే నులిపురుగు అది. తడిమట్టిలోంచి అరికాలి చర్మం గుండా లోపలికి వెళ్తుంది. మిగతా నులిపురుగులు కొంతకాలానికి చచ్చిపోతాయి. ఇది మాత్రం మనిషి లోపలే తన సంతతిని మళ్లీ మళ్లీ సోకించుకుంటూ దశాబ్దాలు బతుకుతుంది. రెండవ ప్రపంచ యుద్ధంలో బర్మా రైలుమార్గం వేసిన యుద్ధఖైదీలలో కొందరికి నలభై ఏళ్ల తరువాత కూడా ఇది కడుపులో ఉన్నట్టు ఇంగ్లండులో కనుగొన్నారు. ఆరోగ్యంగా ఉన్నంతకాలం శరీరం దాన్ని అదుపులో ఉంచుతుంది. స్టెరాయిడ్ ఇస్తే ఆ కాపలా తొలగిపోతుంది. పురుగులు లక్షలుగా పెరిగి ఊపిరితిత్తులకు, ఒళ్లంతా పాకుతాయి. పేగుల్లోని సూక్ష్మక్రిములను కూడా తమతో రక్తంలోకి మోసుకుపోతాయి. ఈసినోఫిల్స్ తగ్గాయని నేను సంతోషించానే, అవి నయమై తగ్గలేదు. స్టెరాయిడ్ వాటిని అణచివేసింది. శత్రువు గుమ్మంలో ఉండగా కావలివాళ్లను నేనే పంపించేశాను.

అప్పట్లో మాకు దొరికిన నులిపురుగుల మందు ఇచ్చాం. ఆలస్యమైపోయింది. మూడవ రోజు ఆమె ప్రభువునందు నిద్రించింది. ఆమె భర్త నన్నేమీ అనలేదు. "మీరు చేయగలిగింది చేశారమ్మా" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ బరువుగానే ఉంది.

ఆ రోజు తరువాత, ఈసినోఫిల్స్ ఎక్కువగా ఉన్నవారెవరికైనా స్టెరాయిడ్ రాసేముందు ఈ పురుగు సంగతి తేల్చుకోకుండా నేను కలం ఎత్తలేదు. మల పరీక్ష ఒక్కసారి చేస్తే చాలదు, పురుగులు బహు కొద్దిగా పడతాయి గనుక తప్పిపోతుంది. వేర్వేరు రోజుల్లో మూడుసార్లు చేయించాలి. రక్తంలో ప్రతికణాల పరీక్ష ఇంకా మెరుగు. ఇప్పుడు ఐవర్‌మెక్టిన్ అనే మంచి మందు ఉంది. గుండెకో ఊపిరితిత్తికో ప్రాణాపాయం ఉండి స్టెరాయిడ్ వెంటనే ఇవ్వక తప్పని పరిస్థితిలో, పరీక్ష ఫలితం కోసం ఆగకుండా ఐవర్‌మెక్టిన్‌ను కూడా దానితోపాటే ఇచ్చేస్తారు. ఆఫ్రికా నుంచి వచ్చినవారైతే పైన చెప్పిన లోవా లోవా కారణంగా ఐవర్‌మెక్టిన్ విషయంలో కూడా జాగ్రత్త అవసరం.

పెద్దాసుపత్రిలో ఏం చేస్తారు?

"ఒక్క రక్తపరీక్షకు ఇన్ని పరీక్షలా?" అని విసుక్కునేవారి కోసం ఇది రాస్తున్నాను. నిపుణుడి మనసులో రెండు ప్రశ్నలుంటాయి. ఎందుకు పెరిగాయి? ఏ అవయవానికైనా దెబ్బ తగిలిందా? రెండవది మొదటిదానికంటే తొందర పడవలసింది.

కారణం వెతకడంలో సగం పని మాటల్లోనే జరుగుతుంది. ఏ మందులు వాడుతున్నారు? మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపీన్, కీళ్లవాతానికి వాడే అల్లోప్యూరినాల్, సల్ఫా మందులు, కుష్ఠుకు ఇచ్చే డాప్సోన్, ఇవి కొందరికి పడవు. మొదలుపెట్టిన రెండు నుంచి ఎనిమిది వారాలలో జ్వరం, ఒంటినిండా ఎర్రని దద్దురు, ముఖం వాపు, గ్రంథుల వాపు, కాలేయం దెబ్బ, ఈసినోఫిల్స్ పెరగడం కలిసి వస్తే అది ప్రాణం మీదికి తెచ్చే మందు ప్రతిక్రియ. ఆ మందును ఆ రోజే ఆపాలి, ఆసుపత్రిలో చేరాలి. ఆయుర్వేద చూర్ణం గాని, ఎవరో ఇచ్చిన పొడి గాని వాడుతుంటే దాచకుండా చెప్పండి. డాక్టరు తిడతారని భయపడి మా దగ్గర దాచేవారే ఎక్కువ.

ఉబ్బసం ఉన్న మనిషికి ఉన్నట్టుండి పాదం పైకి లేవక చెప్పు జారిపోతుంటే, చేతులు కాళ్లు తిమ్మిరెక్కుతుంటే, ముక్కులో కండలు పెరుగుతుంటే, అది రక్తనాళాల వాపు కావచ్చు. 1951లో చర్గ్, స్ట్రాస్ అనే ఇద్దరు దీన్ని వర్ణించారు. ఉబ్బసం మందులతో పోదు, తొందరగా పట్టుకోకపోతే నరాలు తిరిగిరావు.

అవయవాలకు దెబ్బ తగిలిందా అన్న ప్రశ్నలో నాకు ఎక్కువ భయం గుండె గురించి. ఈసినోఫిల్స్ విషం గుండె లోపలి పొరను కాల్చినట్టు చేస్తుంది, అక్కడ రక్తం గడ్డలు కడుతుంది, ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతం, చివరకు గుండె గోడలు బిగుసుకుపోతాయి. 1936లో స్విట్జర్లాండు డాక్టరు లోఫ్లర్ దీన్ని రాశాడు. రోగికి మొదట ఏమీ తెలియదు. అందుకే ఛాతీనొప్పి లేకపోయినా ఈసీజీ, ట్రోపోనిన్, ఎకో చేయిస్తారు. "నాకు దగ్గే కదా, గుండెకు పరీక్ష ఎందుకు, డబ్బు గుంజడానికా" అని ఒక పెద్దాయన నాతో తగువుపడ్డాడు. ఆయన ఎకోలో గడ్డ కనబడింది. రక్తం పలచబడే మందుతో పక్షవాతం రాకుండా తప్పించుకున్నాడు.

పురుగులు, మందులు, ఉబ్బసం, కొన్ని కేన్సర్లు, ఇవేవీ కాదని తేలినా 1,500 దాటి నిలబడే ఉంటే అప్పుడు రక్తవ్యాధుల నిపుణుడి వంతు. పూర్వం ఆరు నెలలు చూసిగాని ఈ జబ్బు పేరు పెట్టేవారు కాదు. ఇప్పుడు అంత ఆగరు. రక్తంలో బీ12 బాగా పెరిగి, ప్లీహం వాచి ఉంటే ఎముక మజ్జను, జన్యువులను పరీక్షిస్తారు. 2003లో ఒక సంగతి తెలిసింది. కొందరిలో, దాదాపు అందరూ మగవారే, నాలుగవ క్రోమోజోములో చిన్న ముక్క ఊడిపోయి రెండు జన్యువులు అతుక్కుపోతాయి. మజ్జ ఆపులేకుండా ఈసినోఫిల్స్‌ను పుట్టిస్తుంది. ఇటువంటివారు పూర్వం రెండుమూడేళ్లకే గుండె చెడి పోయేవారు. బ్లడ్ కేన్సరుకు వాడే ఇమాటినిబ్ అనే మాత్ర, కేన్సరుకు ఇచ్చేదానికంటే తక్కువ మోతాదులో, రోజుకు 100 మిల్లీగ్రాములు, వీరికి అద్భుతంగా పనిచేస్తుంది. మన దేశపు కంపెనీలు కూడా తయారుచేస్తున్నాయి గనుక ధర అందుబాటులోకి వచ్చింది. గుండెకు ముందే దెబ్బ తగిలినవారికి మొదటి రోజుల్లో స్టెరాయిడ్ రక్షణ కూడా ఇస్తారు.

ఆ జన్యుమార్పు లేనివారికి స్టెరాయిడే మొదటి మందు. ఎంత తక్కువ మోతాదుతో అదుపులో ఉంటుందో చూసుకుంటూ దించుతారు. దీర్ఘకాలం వాడితే చక్కెర జబ్బు రావచ్చు, ఎముకలు పెళుసుబారవచ్చు. మెపోలిజుమాబ్ అనే సూదిమందు ఈసినోఫిల్స్‌ను పెంచే సంకేతాన్నే అడ్డుకుంటుంది. 2020లో అమెరికాలో ఈ జబ్బుకు దాన్ని అనుమతించారు. ఖరీదు సామాన్య కుటుంబం మోయలేనిది. ఆ మాట మొహమాటం లేకుండా మొదటే డాక్టరును అడగండి, దానికి ముందు ప్రయత్నించదగిన చవక మందులు ఉన్నాయి.

నిపుణుడి దగ్గరకు వెళ్లేటప్పుడు పాత రక్తపరీక్షలన్నీ, పది ఏళ్లనాటివైనా సరే, తారీఖుల వరుసలో పెట్టి తీసుకెళ్లండి. ఎప్పటినుంచి పెరుగుతున్నాయో అవే చెబుతాయి. వాడుతున్న ప్రతి మందు పట్టీనీ సంచిలో వేసుకోండి. వెళ్లేముందు ఎవరో ఇచ్చిన స్టెరాయిడ్ మాత్ర ఒక్కటి వేసుకున్నా లెక్క పడిపోయి డాక్టరు మోసపోతాడు, నేను మోసపోయినట్టే.

కోనసీమ కుర్రవాడు రెండేళ్ల తరువాత మళ్లీ వచ్చాడు. రాత్రి దగ్గు తిరగబెట్టిందన్నాడు. నూటికి పది, ఇరవై మందిలో ఇలా తిరగబెడుతుంది. వైద్యం లేకుండా వదిలేస్తే ఊపిరితిత్తులు నారకట్టి జీవితమంతా ఆయాసం మిగులుతుంది. లెక్క 4,200 ఉంది. మళ్లీ ఇరవై ఒక్క రోజులు మందు ఇచ్చాం, ఆ తరువాత మూడు నెలలకోసారి రమ్మన్నాం. ఈసారి అతనితో వచ్చింది వాళ్లమ్మ కాదు, భార్య. రిపోర్టులన్నీ తారీఖుల వరుసలో కుట్టి తెచ్చిందామె. అన్నిటికంటే పైన, మడత విప్పి చదును చేసి, ఆ మొదటి రక్తపరీక్ష కాగితం ఉంది.